పాత సమాధులు, పాత మరణ వార్తలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల సమాధి స్థలాల్లో ఉన్నవారి గురించి ఒకప్పుడు పత్రికల్లో, సంఘ పత్రికల్లో, కర్మ కార్డుల్లో అచ్చయిన మాటలను సేకరించి దాచాలనుకునేవారు అవే సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటిని పని సాగే వరుసలో కూర్చాము. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా సరిపోతుంది కనుక కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

రాయి మీద పేరు, తేదీ ఉన్నాయి కదా, మరణ వార్త వేరే ఎందుకు దాచాలి?

రాయి ఆ మనిషి ఎప్పుడు పోయినదీ చెబుతుంది. ఏమి చేసి బతికినదీ సాధారణంగా చెప్పదు. ఏ బడిలో పాఠం చెప్పినారు, ఏ రోగంతో పోయినారు, శవయాత్రకు ఏయే ఊళ్ల వారు వచ్చినారు, పిల్లలు ఎక్కడ స్థిరపడినారు అనే సంగతులు మరణ వార్తలోనే దొరుకుతాయి. వార్త ఒక్కటే ఉంటే మాత్రం అది ఏ సమాధికి చెందినదో తేలదు, ఒకే పేరు గలవారు ఊరికి నలుగురు ఉండే చోట ఇది చిన్న ఇబ్బంది కాదు. ఫలానా వరుసలో ఫలానా రాయి ఫలానా వార్తలోని మనిషిదేనని ఆధారంతో రాసి పెట్టడమే ఈ పనిలో అసలు భాగం.

పేపర్లో వచ్చిందే మరణ వార్తా? కర్మ కార్డు కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. మన ప్రాంతంలో చాలామందికి పేపర్లో ఒక్క వాక్యమైనా రాలేదు; వారికి మిగిలింది దశదినకర్మ కార్డు, చర్చిలో చదివిన జ్ఞాపకార్థ కూడిక కరపత్రం, ఉద్యోగ సంఘం వేసిన సంతాప తీర్మానం, బడి వార్షిక సంచికలో పావు పేజీ. ఇవన్నీ తీసుకోవాలి. ఏది ఏ రకం కాగితమో స్పష్టంగా రాయాలి, ఎందుకంటే బంధువులు వేయించిన కార్డుకూ విలేకరి రాసిన వార్తకూ ఆధారంగా ఒకే బరువు ఉండదు.

మా ఊరి బొందలగడ్డలో రాళ్లే లేవు. అక్కడ మేము చేయగలిగింది ఏమన్నా ఉందా?

ఉంది, పైగా అలాంటి చోటే ముందుగా చేయాలి. మట్టి దిబ్బ, దాని మీద పెట్టిన నాలుగు గుండ్లు, పక్కన ఒక వేప చెట్టు తప్ప గుర్తు లేని సమాధులను ఫలానా వారివని చూపగలిగినవారు ఊరిలో ఒకరిద్దరు పెద్దవారే ఉంటారు. వారిని వెంటబెట్టుకొని నడుస్తూ, వారు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి, ఎవరు చెప్పినారో, ఏ రోజున చెప్పినారో రాసుకోవాలి. అచ్చయిన మరణ వార్త లేని కూలీల, ఆడవారి విషయంలో ఈ నోటి మాటే మరణ వార్త. రాత్రంతా శవం దగ్గర తత్వాలు పాడిన భజన బృందంలో ఎవరైనా ఇంకా ఉంటే వారినీ అడగాలి. ఏ ఇంట ఏ సంవత్సరం కూర్చున్నామో వారికి విచిత్రంగా గుర్తుంటుంది.

ఎవరి అనుమతి తీసుకోవాలి?

క్రైస్తవ సమాధుల తోటకు సంఘ కాపరిని లేదా చర్చి కమిటీని, ఖబరస్తాన్‌కు ముతవల్లీని (దాని నిర్వాహకుడిని) లేదా మసీదు కమిటీని, ఊరి ఉమ్మడి స్థలానికి గ్రామ పంచాయతీని అడగాలి. వీరశైవుల సమాధులు చాలా చోట్ల సొంత పొలాల్లో ఉంటాయి కనుక అక్కడ పట్టాదారు మాటే అనుమతి. నోటి మాట చాలును గాని, ఒక చిన్న ఉత్తరం మీద సంతకం తీసుకుంటే కమిటీ మారినప్పుడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసిన పని ఉండదు.

## వెతకడం

1948కి ముందు పోయినవారి వార్త ఏ పేపర్లో దొరుకుతుంది?

నిజాం పాలనలో ఉర్దూ రాజభాష కావడం వల్ల ఉద్యోగుల, జాగీర్దారుల, వకీళ్ల మరణ వార్తలను ముందు ఉర్దూ పత్రికల్లోనే వెతకాలి. తెలుగులో, నల్లగొండ నుంచి 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నడిపిన నీలగిరి పత్రిక, అదే సంవత్సరం ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు తెచ్చిన తెనుగు పత్రిక, 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో ప్రారంభించిన గోలకొండ పత్రిక ముఖ్యమైనవి. గోలకొండ మొదట వారానికి రెండుసార్లు వచ్చేది. పల్లెల నుంచి చందాదారులు, గ్రంథాలయ కార్యకర్తలు రాసి పంపిన ఉత్తరాల్లో ఒక మరణం మాట కూడా కలిసి ఉండవచ్చు. కనుక శీర్షికలు మాత్రమే చూసి పేజీ తిప్పవద్దు. మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్రపత్రిక, బందరు నుంచి వచ్చిన కృష్ణాపత్రికల్లో కూడా తెలంగాణ ప్రముఖుల గురించి రాసేవారు.

పాత సంచికల కోసం హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడాలి. వెళ్లే ముందు మరణ సంవత్సరాన్ని కనీసం ఒకటి రెండేళ్ల తేడాతోనైనా తేల్చుకోకపోతే రోజంతా దుమ్ము పీల్చి ఉత్త చేతులతో తిరిగి రావలసి వస్తుంది.

మా తాత మిషన్ బడిలో పనిచేసినాడు. ఆయన గురించి ఎక్కడ రాసి ఉంటారు?

ముందుగా ఏ మిషన్ అన్నది తేల్చుకోవాలి. నల్లగొండలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ (ఒక ప్రొటెస్టంట్ క్రైస్తవ శాఖ) దంపతులు, అబ్రహాం ఫ్రీసెన్, మరియా ఫ్రీసెన్, 1890 ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పని ప్రారంభించారు. పాలమూరు వైపు, అంటే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల, అలాగే నల్లగొండ జిల్లాలోని దేవరకొండలో, అమెరికా నుంచి 1899లో వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ వేళ్లూనింది. మిషనరీలు స్వదేశానికి పంపిన ఉత్తరాలు, మరణ వార్తలు జియోన్స్‌బోటె అనే జర్మన్ వారపత్రికలో వచ్చేవి; అది 1884 నుంచి 1964 వరకు నడిచింది. స్థానిక బోధకులు, బైబిలు స్త్రీలు, కాంపౌండరుల ప్రస్తావన ఆ ఉత్తరాల మధ్యలో, ఒక్కోసారి పేరు లేకుండా "మా పాత బోధకుడు" అన్నట్లుగా తగులుతుంది. తెలుగులో సంఘ పత్రిక సువార్తమణి చూడాలి. విదేశీ కాగితాలు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో, కెనడాలోని విన్నిపెగ్ మెన్నొనైట్ గ్రంథాలయాల్లో, బాప్టిస్టు కాగితాలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు చారిత్రక సంఘంలో ఉన్నాయి. పేరు, పనిచేసిన మిషన్ కేంద్రం, సుమారు సంవత్సరం రాసి ఈమెయిల్ పంపడమే దారి. మీ చర్చి బీరువాలోని భూస్థాపన రిజిస్టరును మాత్రం వీటన్నింటికంటే ముందు తెరిపించుకోండి.

మాది గద్వాల దిక్కు. మహబూబ్‌నగర్‌లో అడిగితే పాత కాగితాలు లేవంటున్నారు. ఎందుకు?

గద్వాల, ఆలంపురం తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండేవి. కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేది. కనుక అంతకు ముందు మరణాల విషయంలో కర్ణాటక వైపు కూడా వెతకాలి. తిరిగి 2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ విడిపోయి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి; 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరయింది. 1990ల మరణ వార్తలో "నల్లగొండ జిల్లా" అని ఉన్న ఊరు నేడు మరో జిల్లాలో ఉండవచ్చు. మీ పట్టికలో ఆనాటి జిల్లాకు ఒక గడి, నేటి జిల్లాకు ఒక గడి వేర్వేరుగా ఉంచాలి.

మరణ ధ్రువపత్రం తీసుకుంటే తేదీ తేలిపోదా?

1970 తర్వాత మరణాలకు అది మంచి ఆధారం. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని కింద మరణాన్ని 21 రోజుల్లో చెప్పాలి. పంచాయతీలో, మునిసిపాలిటీలో రుసుము కట్టి రిజిస్టరులో వెతికించుకోవచ్చు. అయితే ఆ నకలులో మరణ కారణం రాసి ఇవ్వరు, చట్టమే దానిని వద్దంటుంది. పల్లెల్లో చాలా మరణాలు అసలు నమోదు కాలేదు కనుక రిజిస్టరులో పేరు లేదని ఆ మనిషి అక్కడ పోలేదనుకోకూడదు.

మా ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. సమాధులే లేనప్పుడు ఏం దాచాలి?

కృష్ణ ఒడ్డున కొల్లాపూర్, ఆలంపురం వైపు ఊళ్లకూ, నాగార్జునసాగర్ కింద మునిగిన నల్లగొండ పల్లెలకూ ఇదే పరిస్థితి. అక్కడ స్థలం లేదు కనుక కాగితమే స్థలం కావాలి. పునరావాస కాలనీలకు తరలిన కుటుంబాల ట్రంకు పెట్టెల్లో పాత కార్డులు, గోడకు వేలాడిన ఫొటోల వెనుక పెన్సిలుతో రాసిన తేదీలు, నష్టపరిహారం కోసం దాచిన కాగితాలు ఉంటాయి. పాత ఊరి సమాధి స్థలం ఏ వాగుకు ఎటు వైపు ఉండేదో, ఏ కులం వారిది ఎక్కడ ముగిసేదో ఇద్దరు ముగ్గురు పెద్దల చేత విడివిడిగా పటం గీయించండి. పటాలు ఒకదానితో ఒకటి కలవవు. కలపడానికి ప్రయత్నించకుండా మూడింటినీ అలాగే దాచండి.

## చదవడం, తేదీలు తేల్చడం

రాయి మీద 1342 ఫసలీ అని ఉంది. అది ఏ సంవత్సరం?

ఫసలీ అంటే ప్రభుత్వం శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. హైదరాబాదు రాజ్యంలో అది ఆజుర్ నెల 1వ తేదీన, అంటే అక్టోబర్ 6న మొదలయ్యేది. మొదటి రెండు నెలలు ఆజుర్, దై అయితే ఫసలీ అంకెకు 590, నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి చివరి నెల ఆబాన్ వరకైతే 591 కలపాలి; మూడో నెల బహమన్ డిసెంబరు, జనవరి రెండింటిలోనూ పడుతుంది కనుక దాని చివరి రోజులను జాగ్రత్తగా చూడాలి. 1342 ఫసలీ ఖుర్దాద్ అంటే 1933 ఏప్రిల్ ప్రాంతం. కృష్ణకు ఆవలి కర్నూలు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అక్కడి ఫసలీ జూలై 1న మొదలయ్యేది. నది దాటి వచ్చిన కాగితానికి ఈ లెక్క పనికిరాదు.

సంవత్సరం పేరు మాత్రమే ఉంటే ఇంకా జాగ్రత్త అవసరం. "విజయ నామ సంవత్సరం" 1953-54 కావచ్చు, అరవై ఏళ్లు వెనక్కి 1893-94 కావచ్చు. రాతి పనితనం, మనవల వయసు చూసి తేల్చాలి.

ఖబరస్తాన్‌లో కత్బా (సమాధి రాతి శాసనం) మీద పద్యం ఉంది గాని తేదీ లేదు. తేదీ వేయలేదా?

తేదీ పద్యంలోనే ఉండి ఉండవచ్చు. అరబీ లిపిలో ప్రతి అక్షరానికి ఒక విలువ ఉంటుంది. చివరి పాదంలోని మాటల అక్షరాల విలువలు కూడితే హిజ్రీ సంవత్సరం వచ్చేలా కవులు రాసేవారు. ఉదాహరణకు గఫూర్ అనే మాటలో గైన్‌కు 1000, ఫేకు 80, వావ్‌కు 6, రేకు 200 కలిపితే 1286 వస్తుంది, అది 1869-70. ఏ మాటలను లెక్కించాలో చూపడానికి వాటి మీద గీత చెక్కడమో, ముందు పాదంలో సూచించడమో ఉంటుంది. "ఇంత తీసివేయి", "ఇంత కలుపు" అనే చమత్కారాలు కూడా ఉంటాయి కనుక ఉర్దూ, ఫారసీ తెలిసినవారి పక్కన కూర్చొని చదవాలి. ఫొటో చూసి ఊహించవద్దు.

రాయి మీద ఒక తేదీ, పేపర్లో మరో తేదీ. ఒక్క రోజు తేడా. ఏది తప్పు?

ఏదీ తప్పు కాకపోవచ్చు. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున 3 గంటలకు పోయినవారికి ఇంటివారు ముందు రోజు వారాన్నీ తిథినీ చెబుతారు, పేపరు ఇంగ్లీషు తేదీ వేస్తుంది. ముస్లిములకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక రాత్రి మరణాల హిజ్రీ తేదీ ఒకటి ముందుకు జరుగుతుంది. ఇవి కాక, పేపర్లో "నిన్న" అన్నది వార్త రాసిన రోజును బట్టా, అచ్చయిన రోజును బట్టా అన్న చిక్కు ఒకటి. రెండు తేదీలూ, వాటి ఆధారాలూ రాయాలి.

అక్షరాలు అరిగిపోయాయి. చాక్‌పీసు రుద్ది చదవవచ్చా?

వద్దు. చాక్‌పీసు, పిండి, బొగ్గు, ఇనుప బ్రష్, యాసిడ్ ఏదీ రాయికి తగలకూడదు. మన వైపు చాలా సమాధుల మీద ఉన్నది తాండూరు, షాబాదు నాపరాయి. అది సున్నపు రాయి కనుక బాత్‌రూమ్ యాసిడ్ తగిలితే పొంగి కరుగుతుంది, పొరలు పొరలుగా లేచిన చోట బ్రష్ పెడితే అక్షరంతో సహా పెచ్చు ఊడి వస్తుంది. అక్షరాలు పోయాయనుకున్న చోట తరచుగా జరిగింది ఏమిటంటే, పండుగ పండుగకూ వేసిన సున్నం గాడుల్లో నిండిపోయింది. ఎండ వాలుగా పడే ఉదయం ఎనిమిదిలోపో, సాయంత్రం ఐదు తర్వాతో వెళ్లి, ఒక పక్క నుంచి ఇంటి అద్దంతో వెలుగును రాయి మీదుగా జారేటట్టు పట్టండి. నిండిన గాడి అంచు సన్నని నీడగా కనిపిస్తుంది. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీయండి.

తెలుగు అంకెల్లో ౬, ౯ పెచ్చు పోయినప్పుడు ఒకటిగా కనిపిస్తాయి. జ॥ అంటే జననం, మ॥ అంటే మరణం, కీ॥శే॥ అంటే కీర్తిశేషులు. గద్వాల, మక్తల్ వైపు కన్నడ, నారాయణపేటలో మరాఠీ రాళ్లు కూడా ఉంటాయని గుర్తుంచుకోండి.

## కాగితం, స్కాన్, టైపు

పేపరు కటింగు పసుపుపచ్చగా మారి విరిగిపోతోంది. లామినేషన్ చేయించాలా?

చేయించకూడదు. వార్తాపత్రిక కాగితంలో చెక్క గుజ్జు ఎక్కువ, అందులోని ఆమ్లం లోపల నుంచే దానిని తినేస్తుంది. లామినేషన్ ఆ ఆమ్లాన్ని లోపల బంధించి, వేడితో సిరాను కూడా చెడగొడుతుంది, తిరిగి విడదీయడం సాధ్యం కాదు. సెల్లోటేపు, ఫెవికాల్, స్టేపుల్ పిన్నులు కూడా వద్దు. మడత విప్పి, ఆమ్లం లేని తెల్ల కాగితాల మధ్య పరిచి, అట్ట పెట్టెలో పెట్టి, నేలకూ గోడకూ తగలకుండా అల్మారాలో ఉంచాలి. చెదలు గోడ వెంబడే వస్తాయి. పాలమూరు ఎండలో రేకుల గది మేడ మీద పెట్టిన కాగితం పదేళ్లు నిలవదు.

స్కానర్ లేదు, ఫోన్ సరిపోతుందా?

సరిపోతుంది. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, కాగితానికి సమాంతరంగా పట్టి తీయాలి. పక్కన ఒక స్కేలు పెడితే అసలు పరిమాణం తెలుస్తుంది. స్కానర్ దొరికితే చిన్న కటింగులకు 600 డీపీఐ, పూర్తి పేజీలకు 300 పెట్టండి. వార్తతో పాటు పత్రిక పేరు, తేదీ ఉన్న పేజీ తల భాగాన్ని తప్పక తీయాలి. కటింగు మాత్రమే దాచి పత్రిక పేరు మరిచిపోయినవారి సంచులు మా దగ్గరే చాలా ఉన్నాయి, వాటి తేదీ తేల్చడానికి వెనుక వైపు సినిమా ప్రకటనలు చదువుతూ కూర్చుంటాము. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే చిక్కిపోతాయి, డాక్యుమెంటుగా పంపండి.

టైపు చేసేటప్పుడు పాత స్పెల్లింగులు సరిచేయాలా?

చేయవద్దు. అరసున్న, బండి ఱ, "స్వర్గస్థులైరి", "ప్రభువునందు నిద్రించిరి", "లింగైక్యము చెందిరి" అన్నీ ఉన్నది ఉన్నట్లు రావాలి; ఆ మాటే ఆ కుటుంబం ఏ సంప్రదాయంలో ఉండేదో చెబుతుంది. అచ్చుతప్పు అనిపించిన చోట కూడా మూలం అలాగే ఉంచి, మీ సవరణ విడి గడిలో రాయాలి. గూగుల్ లెన్స్ వంటివి తెలుగు అచ్చును బాగానే చదువుతున్నాయి గాని పాత సీసపు అచ్చులో ఒత్తులనూ అంకెలనూ తారుమారు చేస్తాయి. తేదీలను, ఇంటిపేర్లను మనిషే రెండోసారి సరిచూడాలి.

కార్డు వేసిన ప్రెస్సులో పాత ఫైలు దొరికింది, తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి.

అది "అను" అనే పేరు గల పాత తెలుగు ఫాంట్లలో చేసిన ఫైలు అయి ఉంటుంది, ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్ కాదు. ఆ ప్రెస్సు కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ తీయించుకొని, ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణంతో మార్చి, మూలంతో పోల్చి చదవండి.

## కుటుంబాలు, హక్కులు

పాత వార్తను అలాగే మళ్లీ ప్రచురిస్తే కాపీరైటు సమస్య వస్తుందా?

1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పేరు ఉన్న వ్యాసానికి ఆయన మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు, పేరు లేకుండా అచ్చయిన దానికి ప్రచురణ మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పేరు లేకుండా 1960లో వచ్చిన మరణ వార్తకు 2020 చివరితో హక్కు తీరిపోయింది. ఇంకా గడువు ఉన్నవాటికి సారాంశాన్ని మీ మాటల్లో రాసి, పత్రిక పేరు, తేదీ ఇవ్వండి. పూర్తి పాఠం కావాలంటే పత్రికనో కుటుంబాన్నో అడగండి.

కార్డులో బతికి ఉన్నవారి పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అవీ పెట్టాలా?

దాచే ప్రతిలో ఉండనివ్వండి, బయట పెట్టే ప్రతిలో కప్పేయండి. ఫోన్ నంబరు, ఇంటి నంబరు, మైనర్ల పేర్లు ఎట్టి పరిస్థితిలోనూ బయటకు రాకూడదు. ఆత్మహత్య, హత్య, ఎయిడ్స్ వంటి కారణాలున్న వార్తలను దగ్గరి బంధువులు బతికి ఉన్నంత కాలం వారి సమ్మతి లేకుండా పెట్టకపోవడమే మర్యాద. ముస్లిం కుటుంబాల్లో ఆడవారి ఫొటో వద్దంటే వాదించకండి.

పాత వార్తలో కులం పేరు కించపరిచేలా రాశారు. తీసేయాలా?

మూలం బొమ్మను మార్చవద్దు. అప్పటి పత్రికలు ఎలా రాసేవో చెప్పే ఆధారం అది. మీరు రాసే పరిచయంలో, సూచికలో మాత్రం ఆ మాట వాడకండి. బయట పెట్టే ముందు ఆ కుటుంబానికి ఒకసారి చూపించండి, వద్దంటే ఆపండి.

అమ్మమ్మ వార్తలో ఆమె పేరే లేదు, "ఫలానా వారి ధర్మపత్ని" అని ఉంది.

ఇది అరుదు కాదు, మామూలే. పేరును రాయి మీద, ఓటరు జాబితాలో, బాప్తిస్మ రిజిస్టరులో, రేషన్ కార్డులో వెతికి మీ పట్టికలో ఆమె పేరుతోనే నమోదు చేయండి, భర్త పేరుతో కాదు. పుట్టినింటి పేరు కూడా అడగండి. ఆమె తోబుట్టువుల సమాధులు పక్క ఊరిలో దొరికినప్పుడు కలిపేది అదే.

## అప్పగించడం

ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి?

ఊరు, స్థలం, వరుస, సమాధి సంఖ్య, మరణ సంవత్సరం, పేరు అనే వరుసలో పెట్టండి. రాయి ఫొటోకూ వార్త స్కానుకూ అదే సంఖ్య ఉండాలి. ఫలానా వార్త ఈ సమాధిదేనని ఎందుకు అనుకున్నారో, తేదీ కలిసిందా, భార్య పేరు కలిసిందా, కొడుకు చెప్పినాడా, ఒక వాక్యంలో రాయండి. నమ్మకం సగమే ఉంటే "బహుశా" అనే మాట ఫైల్లో ఉండాలి.

అన్నీ అయ్యాక ఎక్కడ ఉంచితే నిలుస్తాయి?

ఒకే చోట ఉంచవద్దు. మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఊరిలో ఉండాలి. హక్కు గడువు తీరిన వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టవచ్చు. ఐదేళ్లకోసారి హార్డ్‌డిస్కు మార్చి కొత్తదానికి ఎక్కించాలి. వీటికి తోడు ఒక అచ్చు ప్రతిని, పేర్ల సూచికతో సహా, బైండు చేయించి సంఘ కాపరికో ముతవల్లీకో పంచాయతీకో ఇచ్చి, మరొకటి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. అసలు కాగితాలను మాత్రం కుటుంబం ఇష్టపూర్వకంగా ఇస్తే తప్ప తీసుకోవద్దు. స్కాన్ చేసి అదే రోజు తిరిగి ఇచ్చేయండి.